శరత్కాలమున విద్యార్థి



శరత్తనగానే తెలుగువారికి తోచునవి తేటపడిన చెఱువు, రెల్లుపూలు, పిండి ఆరబోసినట్టి వెన్నెల. సరస్వతీపూజయు ఆ దినములలోనే వచ్చును. ఇంగ్లండు దేశమందలి ఆక్స్‌ఫర్డు విద్యాపీఠమున శరత్తు తీరు వేఱు. అచ్చట అక్టోబరులో చదువులు మొదలగును. ఆకులు పండి రాలుచుండగా, మంచు క్రమ్మిన రాతికట్టడముల నడుమ, నల్లని అంగీలు దాల్చిన క్రొత్త విద్యార్థులు ప్రవేశోత్సవమునకు నడతురు. పగలు నానాటికి తఱిగి, డిసెంబరు తొలివారమునకు సాయంకాలము 4 గంటలకే సూర్యుడు గ్రుంకును. ఈ దిగులుతో కూడిన సొగసును బొమ్మలలో చూచి నేటి యువజనులు మురియుచున్నారు.

ఆ దిగులునకు మూలమేమి? 1602లో సర్ థామస్ బోడ్లీ పునరుద్ధరించిన అచ్చటి గ్రంథాలయమున నిప్పు రాజేయనని చదువరి ప్రమాణము చేయవలెను. గ్రంథములు దగ్ధమగునను భయమే ఇందులకు కారణము. విద్యుద్దీపములు వచ్చువఱకు ఆ ప్రాచీన మందిరమున పగటి వెలుతురే దిక్కు. శరత్తు ముదిరినకొలది చదువుగడియలు తఱిగెడివి. గ్రంథమున మిగిలిన పుటలెన్ని, కిటికీలో మిగిలిన వెలుతురెంత యని లెక్క చూచుకొనుచు చదువువానికి మనసు బరువెక్కుట వింత కాదు. లోకము మెచ్చు సొగసు ఆ శ్రమకు నీడ మాత్రమే. శ్రమను విడిచి నీడను పట్టుకొనువానికి అంగీ దక్కును గాని విద్య దక్కదు.

ఆ గ్రంథాలయ నియమమెంత కఠినమో వినుడు. అంతర్యుద్ధకాలమున, 1645లో, ఆ నగరముననే యున్న మొదటి చార్లెసు రాజు ఒక గ్రంథమును ఎరువు కోరగా, గ్రంథమును వెలుపలికి పంపుట నియమవిరుద్ధమని గ్రంథపాలకుడు నిరాకరించెను. రాజు తలయొగ్గెను. రాజునకైనను లొంగని ఆ విద్యాపీఠము, తనయొద్ద చదివి పరీక్షలు నెగ్గిన స్త్రీలకు మాత్రము 1920 వఱకు పట్టములీయలేదు. తలుపులు మెల్లగా తెఱచుకొనెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్‌ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో అచ్చట ప్రాచ్యమత నీతిశాస్త్ర ఆచార్యపీఠము నధిష్ఠించిరి.

ఈ గ్రామగ్రంథాలయమున నల్లని అంగీలు లేవు, రాతిమేడలు లేవు. ఇచ్చట దీపము నిషిద్ధము కాదు. స్త్రీపురుష భేదము లేదు. పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొని కూర్చున్న బాలుడు గాని, బాలిక గాని, పుస్తకములో పేరు వ్రాయించి కోరిన గ్రంథము నింటికి కొనిపోవచ్చును. ఆ దేశమున రాజునకు దొరకని భాగ్యము ఈ ఊర 25 ఏండ్లుగా చందాదారుని బిడ్డకు దొరకుచున్నది. కొఱవడినది ఒక్కటియే: వెలుతురు పోకముందే మఱి రెండు పుటలు చదువుదమను ఆతురత. అది యున్నచోట ఏ ఋతువైనను శరత్తే.