టీకా తరువాత మిగిలిన సూక్ష్మజీవులు

వరిమడిలో ఊదను ఏరివేసిన రైతు అంతటితో నిశ్చింతగా నుండడు. ఖాళీయైన చోట తుంగ తలయెత్తునని అతడెరుగును. శిశువులకు టీకాలు వేయు వైద్యులకును ఇట్టి అనుభవమే కలిగినది.

న్యూమోకాకస్ అను బాక్టీరియా ఆరోగ్యవంతులైన పసిపిల్లల ముక్కులో, గొంతులో సైతము నివసించుచుండును. తరచు అది ఏ హానియు చేయదు. ఊపిరితిత్తులకో, రక్తమునకో, మెదడు పొరలకో ప్రాకినచో ప్రాణాపాయము. దాని చుట్టును చక్కెరజాతి పదార్థముతో నేర్పడిన కవచమొకటి కలదు. ఆ కవచ భేదమునుబట్టి శాస్త్రజ్ఞులు నూటికి పైగా రకములను గుర్తించినారు. ఇప్పుడు శిశువులకు వేయు టీకా, తాను ఎరుకపరచిన కవచములను ఎదుర్కొనుటనే శరీరమునకు నేర్పును. తక్కిన రకములపై దాని ప్రభావము స్వల్పము.

అమెరికాలో 2000 సంవత్సరమున ఏడు రకములకు విరుగుడైన టీకా ప్రవేశించినది. ఆ రకముల వలన కలుగు తీవ్రవ్యాధులు మిక్కిలి తగ్గినవి. పిల్లలనుండి సోకుట తగ్గుటచే టీకా పొందని వృద్ధులకును మేలు కలిగినది. కాని పిల్లల ముక్కులు మాత్రము ఖాళీగా నుండలేదు. మసాచుసెట్స్ రాష్ట్రమున 2001 నుండి 2007 వరకు పిల్లల వద్ద సేకరించిన 616 న్యూమోకాకస్ నమూనాల జన్యువులను శాస్త్రజ్ఞులు పరిశీలించినారు. టీకా రకములు క్షీణించగా, ఇతర రకములు వాని స్థానము నాక్రమించినవి. ఇవి చాలవరకు క్రొత్తగా పుట్టినవి కావు; పూర్వమునుండి అచ్చట నున్నవే. అరుదుగా కొన్ని, సాటి బాక్టీరియానుండి జన్యువులను గ్రహించి కవచమునే మార్చుకొనును. ఈ జీవి తన కవచమును మార్చుకొనగలదని ఇంగ్లండులో ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లోనే చూపినాడు.

"అట్లయిన టీకా వలన ప్రయోజనమేమి?" అని తల్లులడుగవచ్చును. ముక్కులో నివసించుట వేరు, రక్తములో జొరబడుట వేరు. క్రొత్తగా చోటు సంపాదించిన రకములలో పెక్కింటికి జొరబడు శక్తి తక్కువ. కనుకనే పిల్లలలో తీవ్రవ్యాధులు మొత్తముమీద తగ్గినవి. 19ఏ అను రకము మాత్రము ఇందుకు భిన్నముగా విజృంభించినది. పలు ఔషధములకును లొంగలేదు. 2010లో దానినిగూడ చేర్చి, 13 రకములకు టీకా సిద్ధపరచి, దానిని అణచగలిగినారు.

మన దేశములో ఈ జాతి టీకాను ప్రభుత్వము 2017లో కొన్ని రాష్ట్రములలో ప్రారంభించి, 2021లో దేశమంతటికి విస్తరింపజేసినది. శిశువునకు ఆరవ వారమున, పదునాలుగవ వారమున, తొమ్మిదవ నెల నిండిన పిమ్మట దీనిని వేయుదురు. సమయము తప్పక వేయించుట తల్లిదండ్రుల వంతు. ఏ రకము తగ్గినది, ఏది తలయెత్తినదని ఏటేట పరీక్షించి, టీకాను సవరించుట శాస్త్రజ్ఞుల వంతు. ఈ రెండింటిలో ఏది లోపించినను పసివారికే ముప్పు.