పెద్ద పదవికి మనిషి నెన్నుకొనుట
(సరూర్‌నగర్ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ వేదికపైనుండి ఉద్యోగము సంపాదించు విధమును గూర్చి ప్రతి సంవత్సరమును పెద్దలు సెలవిచ్చుచునే యున్నారు. ఉద్యోగము నిచ్చువాని కష్టమును గూర్చి పలికినవారు అరుదు. మాకు తెలిసినది అదియే గనుక దానినే మనవి చేసికొందుము.

మేము సరూర్‌నగరులో వస్త్రదుకాణముల సరకులెక్కలకు, బిల్లులకు పనికివచ్చు సాఫ్టువేరు చేయు చిన్న సంస్థను నడుపుచున్నాము. అట్టి సంస్థలలో ప్రాడక్టు మేనేజరు అను పదవి యొకటి కలదు. ఏ వస్తువు చేయవలయును, ఎవరికొరకు చేయవలయును, ముందేది, పిమ్మట నేది, ఏది చేయనే కూడదు అని నిర్ణయించువాడు అతడు. అతడు ప్రోగ్రాము వ్రాయడు, సరకు అమ్మడు. వ్రాయువారును అమ్మువారును అతని క్రింది నౌకరులును కారు. అయినను వస్తువు చెడినచో నింద అతనిదే. పెండ్లి మధ్యవర్తి వంటివాడన్నమాట యని మా పెదనాన్నగారు నవ్విరి. ఆ మాట అంత తప్పు కాదు.

ఈ పదవి నిన్న మొన్న పుట్టినది కాదు. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో కేమే సబ్బు ప్రకటనలు చూచుచుండిన నీల్ మెక్‌ఎల్రాయ్ అను నతడు, ఒక్కొక్క సరకుకు దాని మంచిచెడ్డల కన్నిటికిని బాధ్యుడగు మనిషి యుండవలెనని పైవారికి లేఖ వ్రాసెను. తమ సంస్థదే యైన ఐవరీ సబ్బు నీడలో కేమే యెదుగలేకుండుట యాతని బాధ. నేటి ప్రాడక్టు మేనేజరు ఆ లేఖ సంతతివాడే.

సబ్బు కథ దూరపుది. మన యింటి కథ వినుడు. పోచంపల్లి, కొయ్యలగూడెముల నుండి విజయవాడ బాటవెంట వచ్చి ఎల్బీనగరులో, వనస్థలిపురములో, ఇచ్చట స్థిరపడిన మన పద్మశాలి కుటుంబములలో ఆసు పోయుట తెలియని తల్లులు లేరు. ఒక్క చీరకు నూలును మేకులచుట్టు త్రిప్పుటకై చేయి సుమారు 9,000 మారులు అటునిటు సాగవలయును. దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన శ్రీ చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మిగారి భుజపునొప్పి చూడజాలక 1992లో యంత్రము చేయబూని, ఊరివారి పరిహాసమును సహించి, 1999లో పూర్తిచేసి దానికి ఆమె పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఎవరి బాధ తీర్చవలయునో నిశ్చయముగా నెరిగి, మిగిలినదెల్ల వదలిన మనిషి ఆయన. ప్రాడక్టు మేనేజరునకు కావలసినది ముఖ్యముగా అదియే. బడి చదువు నడుమనే మానిన ఆయన దరఖాస్తు మా సంస్థకు వచ్చియుండినచో మొదటి వడపోతలోనే చెత్తబుట్ట పాలయ్యెడిది. సిగ్గుతోనే చెప్పుచున్నాము.

ఈ పెద్ద పదవికి మనిషి నెన్నుకొనుటలో మేము రెండుమారులు పొరపడితిమి. మొదట మన బంధువర్గములోని యువకునికే ఇచ్చితిమి. బుద్ధిమంతుడే గాని, మా మాటకు ఎదురు చెప్పుట మర్యాద కాదని తలంచి, మేము కోరినదెల్ల వస్తువులో చేర్పించెను. రెండేండ్లలో అది దుకాణదారునకు బరువైనది. అతనిని తప్పించితిమి. అతని తండ్రిగారు నేటికిని శుభకార్యములలో మమ్ములను చూచి మొగము త్రిప్పుకొందురు.

పిమ్మట ఒక గొప్ప సంస్థనుండి మా శక్తికి మించిన జీతముతో ఒక పెద్దమనిషిని తెచ్చితిమి. మూడు నెలలు పట్టికలు, పటములు అడిగెనే గాని ఒక్కనాడును దిల్‌సుఖ్‌నగరు దుకాణములో కూర్చుండలేదు. అయితే తప్పు సగము మాది. ఆయన చేసిన నిర్ణయములను రాత్రికి రాత్రి మేమే మార్చుచుంటిమి. అధికార మీయక బాధ్యత మాత్రము మోపిన యజమానికి ఎవరు నిలుతురు?

బయటనుండి వచ్చినవారు పనికిరారని మా భావము కాదు. ఈ హైదరాబాదులోనే జన్మించిన శంతను నారాయణ్ గారు 1998లో అడోబీ సంస్థలో బయటనుండియే పెద్ద పదవిలో చేరి, 2007లో దానికి ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. అంతకుముందు ఛాయాచిత్రములను పంచుకొనుటకై పిక్ట్రా అను సంస్థను స్థాపించినవారిలో ఆయన యొకరు. గొప్ప సంస్థ పేరుకంటె, ఒక వస్తువును తన చేతులతో పుట్టించి దాని కష్టనష్టములు పడియుండుట మాకు పెద్ద యోగ్యతగా తోచుచున్నది.

ఇప్పుడు మేము చేయు పద్ధతి యిది. పదవి కోరినవారిని శ్రావణమాసపు రద్దీలో ఒక దినము దుకాణములో, బిల్లులు వ్రాయు పిల్లవాని ప్రక్కను కూర్చుండబెట్టుదుము. సాయంకాలము ఒక్కటే ప్రశ్న: మా వస్తువులో మీరు తీసివేయునది యేది? చేర్చవలసినవి ప్రతివాడును చెప్పును. తీసివేయుటకు ధైర్యమును, చూపును రెండును కావలయును. పిమ్మట పూర్వము ఆయన క్రింద పనిచేసినవారితో మాట్లాడుదుము. పైవారి ప్రశంసాపత్రములకంటె వారి మాట విలువైనది. తుదకు, ఏ నిర్ణయములు ఆయనవి, ఏవి మావి అని కాగితముపై వ్రాసి ఇరువురమును సంతకము చేయుదుము. ఇది చాల కష్టమైనది, మాకే.

కులసభలో నిలిచి కులమువానికే పదవి యీయమని చెప్పుట తగునాయని కొందరు కినియవచ్చును. ఆసువంటి శ్రమను కన్నులార చూచి పెరిగిన మన బిడ్డలకు ఈ పనిలో సహజమైన చూపు కలదని మా నమ్మకము. కాని ఆ చూపును దుకాణములో చూపింపవలయును, చుట్టరికముతో కాదు. ఆ పదవి ఇప్పుడు మరల ఖాళీగా నున్నది. ఆనాటి మా బంధువు పిమ్మట వేరొక సంస్థలో ఆరేండ్లు పనిచేసి గట్టిపడెనని వింటిమి. అతడును రావచ్చును. తండ్రిగారు ఈ సభలోనే ముందు వరుసలో నున్నారు గనుక, ఈ పిలుపు వారిచెవిని వేయుచున్నాము.