డాబా మీద మనం, కింద మన పంట డబ్బు

(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం సమావేశమంటే గిట్టుబాటు ధర, సాగర్ కాలువ నీళ్లు, కౌలు కార్డులు మాట్లాడుకుంటాం. ఈసారి దొంగల గురించి మాట్లాడమని గ్రామ కమిటీలు అడిగాయి. అది పోలీసుల పని, సంఘానికేం పని అని మాలోనే ఒకరిద్దరు అన్నారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. పోయిన వేసవిలో మా ఊళ్లో ఒక కౌలు రైతు ఇంట్లో జరిగింది చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాం.

ఆయన మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. కాయ గుంటూరు యార్డుకు తోలి, వచ్చిన దాంట్లో లక్షా ఎనభై వేలు తెచ్చి బీరువాలో పెట్టాడు. కౌలు కట్టాలి, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాలి. పొలం ఆసామి ఊళ్లో లేడని రెండు రోజులు ఆగాడు. ఆ రాత్రి ఒకటే ఉక్కపోత, కరెంటు పోతూ వస్తూ ఉంది. ఇంటిల్లిపాదీ డాబా మీద దోమతెరలు కట్టుకుని పడుకున్నారు. ముందు తలుపుకు తాళం వేశారు. వెనక తలుపుకు లోపల గడియ పెట్టారు, పక్క కిటికీ గాలికి తీసి ఉంచారు. దొంగ ఆ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి గడియ తీశాడు. బీరువా తాళంచెవి పరుపు కింద దొరికింది. తెల్లారి ఆవిడ పాలు పితకడానికి దిగేసరికి చీరలన్నీ నేల మీద ఉన్నాయి. డబ్బు పోయింది, కమ్మలు పోయాయి. మెడలో ఉంది కాబట్టి పుస్తెలతాడు మిగిలింది.

వారం తిరక్కుండా కొట్టు యజమాని వచ్చాడు. "దొంగలు పడింది నీ ఇంట్లో, నా కొట్లో కాదు గదా" అన్నాడు. ఆ మాటకు జవాబు లేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. ఒక ఏడాది పంట బీరువాలోంచి పోతే, వచ్చే ఏడాది పంట వడ్డీ కింద పోయింది. అప్పటినుంచి ఇది సంఘం పని కాదని మేమెవరం అనలేదు.

దొంగకు మన లెక్కలన్నీ తెలుసు. పత్తి ఎప్పుడు అమ్ముతామో, మిరపకాయ ఎప్పుడు యార్డుకు పోతుందో, తిరునాళ్లకు ఏ ఊరు ఖాళీ అవుతుందో తెలుసు. కోతలప్పుడు పగలు పదకొండు గంటలకు వీధిలో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరనీ తెలుసు. ఎండాకాలం మనం ఎక్కడ పడుకుంటామో చెప్పక్కర్లేదు. రెంటచింతల ఎండ చూసినవాళ్లెవరైనా, తలుపులు కిటికీలు మూసుకుని కాంక్రీటు గదిలో పడుకోండని మనకు చెప్పరు. పట్నంలో ఏసీ ఉన్నవాళ్ల సలహాలు మనకు పనికిరావు. గాలి రావాలి, దొంగ రాకూడదు. ఈ రెండూ కుదరాలి.

మా కమిటీ వాళ్లం నలభై ఇళ్ల దాకా తిరిగి చూశాం. ముందు తలుపు టేకుది, దానికి మంచి తాళం. వెనక తలుపు చూస్తే నవ్వొస్తుంది. పెరటి తలుపుకు వానలు తగిలి ద్వారబంధం అడుగున చెద పట్టి ఉంటుంది. ఒక ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అంగుళంన్నర లోపలికి దిగింది. అలాంటి చెక్కకు ఎంత ఖరీదైన తాళం వేసినా, ఒక్క తన్నుకు గడియ ఊడి చేతికొస్తుంది. ఇంటికి వెళ్లాక మీరూ పొడిచి చూడండి. పాడైతే ఆ ముక్క కోసి కొత్తది వేయించండి. మన తాతలు తలుపు వెనక అడ్డుకర్ర వేసేవాళ్లు. గోడలో రెండు వైపులా కొక్కేలు పెట్టించి ఇనుప పట్టీ అడ్డం వేస్తే అదే పని చేస్తుంది. ఊళ్లో వెల్డింగ్ షాపులో అయ్యే పని.

కిటికీ గ్రిల్లు చెక్క చట్రానికి స్క్రూలతో బిగించి ఉంటే, బయటినుంచి స్క్రూలు విప్పితే చాలు. గ్రిల్లు కాళ్లు గోడలోకి దించి సిమెంటు పోయించాలి. గడియ కిటికీకి చెయ్యి అందేంత దగ్గర ఉంటే దాన్ని తలుపు పైకో కిందికో మార్చాలి, లేదా ఆ కిటికీకి సన్న ఇనుప వల కొట్టించాలి. వల ఉంటే గాలి వస్తుంది, చెయ్యి దూరదు, దోమలూ తగ్గుతాయి.

ఇంకో మాట చెబితే కోపం తెచ్చుకోకండి. మేం చూసిన ఇళ్లలో సగం చోట్ల గునపం, పలుగు, నిచ్చెన కొట్టంలోనో గడ్డివాము పక్కనో పడి ఉన్నాయి. దొంగ చేతులూపుకుంటూ వచ్చినా చాలు, పనిముట్లు మనమే ఇస్తున్నాం. అవి లోపల పెట్టి తాళం వెయ్యండి. రేకు బీరువా గునపం ముందు ఎంతోసేపు ఆగదు.

డాబా మీద పడుకోవద్దని అనం. ఒకరు మాత్రం కింద వసారాలో మంచం వేసుకోండి, వెనక తలుపు వైపు. వెనక తలుపుకు లోపలివైపు ఒక సత్తు గిన్నె ఆనించి పెట్టండి. తలుపు కదిలితే పడి మోగుతుంది. మా అమ్మమ్మల కాలం ఉపాయం ఇది, కరెంటుతో పనిలేదు. ఊరెళ్లేటప్పుడు బంధువులను ఎవరినైనా ఇంట్లో పడుకోబెట్టండి. పెళ్లికి వెళ్తున్నామని వాట్సాప్ స్టేటస్‌లో ముందే పెట్టకండి.

అసలు అంత డబ్బు ఇంట్లో ఎందుకుండాలి? ఖాతాలో వేయించుకోవచ్చుగా అని పోలీసులూ అంటారు, బ్యాంకువాళ్లూ అంటారు. రైతు ఎందుకు వేయించుకోడో వాళ్లకు తెలియదా? ఖాతాలో పడగానే పాత పంట రుణానికి జమ చేసుకుంటారని భయం. పంట డబ్బును రైతు ఒప్పుకోకుండా బాకీకి పట్టుకోకూడదని మన సంఘం అడుగుతూనే ఉంది, అడుగుతుంది. ఈలోపు మీకు బాకీ లేని బ్యాంకులోనో పోస్టాఫీసులోనో పొదుపు ఖాతా తెరవండి, యార్డు డబ్బు అందులో వేయించుకోండి.

బంగారం సంగతి ఆడవాళ్లకు మాకంటే బాగా తెలుసు. రేపు విత్తనాలకు తాకట్టు పెట్టేది అదే. ఒక్కో వస్తువుకూ ఫోటో తీసి, బరువు రాసి, కొన్న రశీదుతో కలిపి పొరుగూళ్లో ఉన్న కూతురి ఫోనుకో కొడుకు ఫోనుకో పంపండి. కేసు పెట్టేటప్పుడు ఆనవాళ్లు అడుగుతారు. పాస్‌బుక్కు, పొలం దస్తావేజులకూ జిరాక్సులు తీసి ఇంకో చోట ఉంచండి.

దొంగతనం జరిగితే ఏదీ ముట్టుకోకుండా 100కో 112కో ఫోన్ చెయ్యండి. మా కౌలు రైతు ఫిర్యాదు రాసుకుని వెళ్తే "ముందు ఊళ్లో విచారించుకోండి" అని రెండుసార్లు తిప్పి పంపారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఆ ఫిర్యాదునే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. మూడోసారి సంఘం తరఫున ఆరుగురం వెళ్లాం, రాశారు. సొమ్ము ఇంకా దొరకలేదు.

ఇక కష్టమైన మాట. దొంగ దొరికితే స్తంభానికి కట్టేసి కొట్టడం మన ఊళ్లకు కొత్త కాదు. ఇంటినీ ఒంటినీ కాపాడుకునే హక్కు చట్టం మనకిచ్చింది, అవసరమైనంత వరకే ఇచ్చింది. పట్టుకుని కట్టేశాక కొట్టే దెబ్బ నేరం. అడవిపందులకని చేలో కరెంటు తీగ పెట్టి మనుషులను పోగొట్టుకున్నాం. ఇంటి చుట్టూ తీగ పెడదామనే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ముందు చచ్చేది అర్ధరాత్రి బయటికి లేచిన మన పిల్లాడే.

2018 వేసవిలో పార్థీ గ్యాంగులు దిగాయని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో పుకార్లొచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పాపం ఎరుగని వాళ్లను కొట్టారు, కొందరు చనిపోయారు. చాపలు అమ్మేవాళ్లను, పందులు మేపుకునేవాళ్లను చూడగానే అనుమానపడే అలవాటు మనకు తెల్లవాడు నేర్పింది. 1871లో కులాలకు కులాలనే నేరస్థులని చట్టం చేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను కాపలాలో పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది, మన నోటిమాట మాత్రం రద్దు కాలేదు. ఆ ఊరివాళ్లూ మనలాగే రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. మా కౌలు రైతు ఇంట్లో పరుపు కింద తాళంచెవి ఉందని బయటివాడికి ఎలా తెలుస్తుంది? ఆలోచించండి.

గస్తీ విషయం తేల్చుకుని పోదాం. మార్చి నుంచి జూన్ తొలకరి దాకా, రాత్రి పదకొండు నుంచి నాలుగు వరకు, వీధికి ఇద్దరు చొప్పున వంతులు. కర్ర, టార్చి, ఈల చాలు. ట్రాన్స్‌ఫార్మర్ల వైపు కూడా ఒక చుట్టు తిరిగి రావాలి, రాగి తీగ కోసం వాటినీ వదలడం లేదు. తాగినవాళ్లకు వంతు లేదు. కొత్త మనిషి కనబడితే పేరు, ఊరు అడగాలి, చెయ్యి వెయ్యకూడదు, అనుమానముంటే స్టేషన్‌కు ఫోన్ చెయ్యాలి. పుస్తకం గ్రామ కమిటీ కార్యదర్శి దగ్గర ఉంది. భోజనాలకు లేచే ముందు పేర్లు రాయించండి. సోమవారం రాత్రి మొదటి వంతు మా కమిటీ వాళ్లది, మాతోపాటు ఆ కౌలు రైతూ వస్తానన్నాడు.