మన ఇంటి చరిత్ర మనమే వెతుకుదాము
(సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘ చరిత్ర తెలుసుకోవాలని మనందరికీ ఉంటుంది. గుడి ఎవరు కట్టించారు, గంట ఎప్పుడు వచ్చింది అని అడుగుతాము. మనము పడుకొని లేచే ఇంటి సంగతి మాత్రము అడగము. ఆ స్థలము ఎట్లా వచ్చింది? ఆ గోడలు ఎవరి కష్టముతో లేచినవి? ఈ పూట ఆ విషయమే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇది తీరిక ఉన్నవారి పని అనుకోవద్దు. శ్రీశైలం జలాశయము కింద 1981 నాటికి కర్నూలు జిల్లాలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయినవి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు ఇవ్వడానికి 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. అప్పుడు 'మునిగిన ఆ ఇల్లు మా నాయనదే' అని చూపవలసి వచ్చింది. ఊరు నీళ్ల కింద ఉన్నది. చూపడానికి మిగిలినది కాగితమే. ఆ కాగితానికైనా భరోసా లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరము మునిగింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు పల్లెలు కొట్టుకుపోయినవి. అటువంటి వేళ ఇల్లూ, ఇంట్లోని పెట్టే ఒకేసారి పోతాయి.

ఇల్లు పడిపోయినా దాని చరిత్ర నిలబడుతుందనడానికి కడపలోనే సాక్ష్యమున్నది. సి.పి.బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తరువాత ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను పెట్టి, తాళపత్ర గ్రంథాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. కాలక్రమములో ఆ బంగళా మొండిగోడలుగా మిగిలింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, పదిమందిని కూడగట్టి, ఆ స్థలములోనే బ్రౌన్ పేర గ్రంథాలయము లేపించారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయము కిందికి వచ్చింది. మన ఇండ్లలో బ్రౌన్ దొర లేకపోవచ్చు. కాని మన అవ్వాతాతలు మనకు తక్కువవారా?

ఎట్లా మొదలుపెట్టాలి? ముందు ఇంటినే చూడండి. పాత మట్టిమిద్దె అయితే దూలాలు ఎన్ని, దంతెలు ఏ కర్రవి, పైన చవుడు మట్టి ఎన్నిసార్లు వేశారు, కడప బండలు ఎప్పుడు పరిచారు, జొన్నల పాతర ఎక్కడ ఉండేది అని పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. గుమ్మము మీద 'పార్థివ' అని సంవత్సరము పేరు ఉంటే తొందరపడవద్దు. అరవై ఏండ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 1885 కావచ్చు, 1945 కావచ్చు. ఆ ఇంట్లో అప్పుడు ఎవరున్నారో తెలిస్తే ఏదో తేలుతుంది.

రెండవది రిజిస్ట్రారు ఆఫీసు. దస్తావేజులోని చెక్కుబంది జాగ్రత్తగా చదవండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఏ రస్తా అని అందులో ఉంటుంది. మన కాగితము పోయినా, పక్కింటివారి దస్తావేజులో మన తాత పేరు హద్దుగా కనబడవచ్చు. పాత రెవెన్యూ కాగితాలలో ఫసలీ లెక్క ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరము వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుండి అన్నమాట.

పల్లెలో ఇల్లు గ్రామకంఠములో ఉంటే, ఊరి ఇండ్లన్నిటికీ కలిపి ఒకే సర్వే నంబరు ఉండడము మామూలు. ఎవరిది ఏ ఇల్లో అందులో తెలియదు. అక్కడ పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు, పాత రశీదులు ఆధారము. కాబట్టి చిన్న రశీదైనా పారవేయకండి.

మూడవది మన సంఘానికే చెందిన మాట. ఎందరో పెద్దలకు రెండు పేర్లు. పట్టాలో 'చిన్న ఓబులేసు', గుడిలో 'దేవదానం' అని ఉంటుంది. ఆఫీసులో 'ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేమి?' అంటే మనుమడు నోరు తెరవలేడు. తండ్రి పేరు, ఊరు, పాత పేరు, కొత్త పేరు కలిపి రాసిన బాప్తిస్మ రిజిస్టరు ఉంటే ఆ ముడి విప్పడానికి అదే సాయము. అది ఇంటి హక్కు ఇవ్వదు. మనిషిని మనిషితో కలుపుతుంది. అటువంటి పుస్తకాలు చెదలపాలు కాకుండా చూడడము సంఘము బాధ్యత.

వెతికేటప్పుడు కొన్ని నొప్పించే సంగతులు కూడా బయటపడతాయి. కరువులో పది మూటల జొన్నలకు ఇల్లు కుదువ పెట్టినది కనబడవచ్చు. ఆడబిడ్డకు రావలసిన భాగము రాయకుండా వదలినది కనబడవచ్చు. వాటిని దాచవద్దు. సరిదిద్దగలిగినది ఉంటే, బతికి ఉన్నవారితో మాట్లాడి సరిదిద్దండి. పగలు తవ్వడానికి మాత్రము ఈ పనికి దిగవద్దు.

చివరిగా ఒక్క మనవి. ఈ నెలలోనే ఇంట్లో అందరికన్న పెద్దవారి దగ్గర కూర్చొని, వారు చెప్పినది తేదీ వేసి రాయండి. కాగితాలకు నకళ్లు తీయించి, ఒక ప్రతి వేరే ఊళ్లోని బిడ్డల ఇంట్లో ఉంచండి. కాగితము తిరిగి దొరకవచ్చును గాని, పోయిన పెద్దల నోటిమాట తిరిగి దొరకదు.