పర్సు ఎవరిది?



మొన్న మా పక్కింటావిడ బజారు నుంచి వస్తూ బస్సులో పర్సు పోగొట్టుకుంది. ఇంటికి రాగానే వాళ్లాయన అడిగిన మొదటి మాట, "నా డబ్బు ఎంత పోయింది?" అని. "మీ డబ్బేమిటి, పోయింది నా పర్సయితేనూ!" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారనుకోండి. నాకు మాత్రం ఎప్పుడో చదివిన ఒక దొంగతనం కేసు గుర్తుకు వచ్చింది.

నూటయాభై ఏళ్ల కిందటి మాట. లండను నగరంలో వాటర్లూ రైల్వే స్టేషనులో మిలిసెంట్ ఫాసెట్ అనే ఆవిడ చేతిలోంచి ఒక కుర్రాడు పర్సు కొట్టేశాడు. దొంగ దొరికాడు. కోర్టుకి వెళ్లిన ఆవిడ నేరపత్రం చదివి ఆశ్చర్యపోయింది. "మిలిసెంట్ ఫాసెట్ వద్ద నుండి, హెన్రీ ఫాసెట్ ఆస్తి అయిన పర్సును, అందులోని 1 పౌను 18 షిల్లింగుల 6 పెన్నీలను దొంగిలించినాడు" అన్నట్టుగా ఉంది అందులో. హెన్రీ ఫాసెట్ అంటే ఆవిడ భర్త. పాపం ఆయన మంచివాడే. చూపు లేకపోయినా కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు, పార్లమెంటు సభ్యుడు, ఆడవాళ్ల హక్కుల కోసం నిలబడ్డ మనిషి. ఆ పర్సు తనదని ఆయన అనలేదు, చట్టం అంది! అది వింటుంటే, దొంగతనం చేసింది తానేనేమో అన్నట్టు అనిపించిందని ఆవిడ తరవాత రాసుకుంది. స్త్రీలకు ఓటు హక్కు కోసం ఇంగ్లండులో యాభై ఏళ్ల పైన పాటుపడిన ఫాసెట్టమ్మ ఈవిడే.

ఎందుకలా అంటారా? పెళ్లితో భార్యాభర్తలు ఒకే మనిషి అవుతారని ఆనాటి ఇంగ్లీషు న్యాయం. వినడానికి ఎంత బాగుందో చూడండి! అయితే ఆ ఒక్క మనిషీ భర్తే. భార్య చేతి డబ్బు, నగలు, ఆమె రెక్కల కష్టం, అన్నీ ఆయనవే. డబ్బున్న తండ్రులు లాయర్లను పెట్టి కూతురి పేర ముందే పత్రాలు రాయించుకునేవారు. లేనివాళ్ల సంగతి చెప్పేదేముంది?

ఈ చట్టం చేతిలో అందరికంటే ఎక్కువ నలిగిన ఇల్లాలు కరోలిన్ నార్టన్. కథలు, పద్యాలు రాసి నాలుగు డబ్బులు సంపాదించుకునేది. మొగుడు లాయరు, చెయ్యి చేసుకునే రకం. 1836లో ఆయన ఏకంగా దేశపు ప్రధానమంత్రి లార్డ్ మెల్బోర్న్ మీదే, తన భార్యతో సంబంధం ఉందంటూ 10,000 పౌన్లకు దావా వేశాడు. జూరీవాళ్లు కుర్చీల్లోంచి లేవకుండానే అది నిలవదని తేల్చేశారు. కానీ ఇంతలో పరువు పోయింది ఎవరిది? కోర్టులో ఆవిడ నోరు విప్పడానికే వీల్లేదు, ఎందుకంటే అది ఇద్దరు మగవాళ్ల మధ్య వ్యాజ్యం! మొగుడు ముగ్గురు మగపిల్లలనీ తీసుకుపోయాడు. పిల్లల మీద తల్లికి హక్కు లేదు. ఆఖరివాడు 1842లో గుర్రం మీద నుంచి పడ్డాడు. కబురు అంది తల్లి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. కలం పట్టుకుంది. ఆవిడ పట్టుదల వల్లే 1839లో ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని తల్లి కోర్టును అడుక్కునే వీలు వచ్చింది. "అడుక్కునే" అని కావాలనే అంటున్నాను, అది హక్కు కాదు మరి. తరవాత మొగుడు, ఇస్తానని కాగితం రాసిన భరణం ఎగ్గొట్టాడు. ఆ కాగితం చెల్లదట! ఇద్దరూ ఒకే మనిషి కదా, తనతో తాను ఒప్పందం రాసుకుంటే ఎలా చెల్లుతుంది? పైగా ఆవిడ పుస్తకాల రాబడి కూడా తనదే అన్నాడు. అలాగా అని ఆవిడ అప్పులవాళ్లందరినీ, "నా డబ్బు ఆయనదైతే నా అప్పూ ఆయనదే, వెళ్లి అడగండి" అని మొగుడి మీదికి పంపింది! 1853లో బండి బాగుచేసినవాళ్లు నిజంగానే ఆయన మీద దావా వేశారు.

1870లో భార్య సంపాదన భార్యదని చట్టం వచ్చింది. పూర్తి ఆస్తి హక్కుకి 1882 దాకా ఆగాలి. కరోలిన్ 1877లోనే పోయింది.

ఇది తెల్లవాళ్ల గొడవ, మనకేమిటంటారేమో. మనకు స్త్రీధనం ఉంది, పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లిచ్చిన భూమి ఉంది, నిజమే. ఆపద వస్తే భర్త అది వాడుకోవచ్చన్న మినహాయింపు కూడా శాస్త్రంలోనే ఉంది. ఆపద ఏ మగాడికి రాదు చెప్పండి?

అసలు సంగతి ఇక్కడుంది. ఆ గాలి సోకి మన దేశంలోనూ 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చేశారు. అందులో ఆరవ సెక్షను ఒకటి. భర్త తన జీవితం మీద బీమా చేసి, అది భార్యాబిడ్డల కోసమని పాలసీ మీదే రాయిస్తే, ఆ డబ్బు భర్త ఆస్తి కిందకి రాదు, ఆయన అప్పులవాళ్లు ముట్టుకోలేరు. అప్పులవాళ్లను మోసం చెయ్యడానికే కట్టి ఉంటే తప్ప. కానీ చట్టం మొదట్లోనే, హిందువులకీ ముస్లిములకీ ఇది వర్తించదన్నట్టు రాసి ఉంది. 1913లో మన మద్రాసు హైకోర్టు ఒక వ్యాజ్యంలో, ఆరవ సెక్షను హిందువులకీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అన్ని కోర్టులూ అలా అనుకోలేదు. ఆఖరికి 1923లో చట్టాన్నే సవరించారు. మద్రాసు తీర్పును మన్నించి, ఆ ప్రాంతంలో మాత్రం 1913 డిసెంబరు 31 తరవాతి పాలసీలన్నిటికీ చెల్లుతుందని రాశారు. అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసులోనివే కదా. మన అమ్మమ్మలకు దేశంలో మిగతావాళ్ల కంటే ముందే దొరికిన రక్షణ అన్నమాట.

దొరికిందనే గాని, ఎవరికి తెలుసు? మా బాబాయి బియ్యం వ్యాపారం చేసేవాడు. ఆయన పోయాక పెద్దకర్మ మర్నాడే ప్రోనోట్లు పట్టుకుని నలుగురు గుమ్మంలో నుంచున్నారు. బీమా డబ్బు వచ్చింది వచ్చినట్టే వాళ్లకు పోయింది. పిన్ని కుట్టుమిషను పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఈ ఆరవ సెక్షను సంగతి మొన్న నేను చెబితే, పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నామినీగా పేరు రాయించడం వేరు, ఈ చట్టం కింద తీసుకోవడం వేరు. దీనికి పాలసీ తీసుకునేటప్పుడే వేరే కాగితం నింపాలి. ఆ తరవాత భర్త మనసు మార్చుకున్నా పేరు మార్చడానికి లేదు. పాత పాలసీలకు ఇప్పుడు తగిలించడానికీ లేదు. మా బీరువాలో ఉన్నవన్నీ తీసి చూశాను, ఒక్కదాని మీదా ఆ మాట లేదు.

మా ఆఖరి తమ్ముడికి కిందటి మాఘంలో పెళ్లయింది. పాలసీ కట్టడానికి ఏజంటును ఆదివారం రమ్మన్నాడట. ఆ పూట నేనూ వెళ్తున్నాను. వంటింట్లో కాదు, ముందుగదిలో, మరదల్ని పక్కన పెట్టుకుని కూర్చుంటాను.

సెలవు.