పలకకపోతే పొగరేనా?

(డిసెంబరు 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం సందర్భంగా ప్రాంతీయ కార్యాలయంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక విన్నపం. ప్రశ్నలేమైనా ఉంటే చెయ్యెత్తండి. మైకు మీ చేతికి వచ్చాక నా వైపు చూస్తూ అడగండి. నాకు రెండు చెవుల్లోనూ వినికిడి లోపం ఉంది. వినికిడి యంత్రాలు జుట్టు కింద ఉంటాయి కనుక మీలో చాలామందికి ఈ సంగతి ఇవాళే తెలిసి ఉంటుంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నా గురించి నలుగురూ అనుకున్న మాట ఒకటుంది: ‘ఆవిడకి పొగరు’. అది కూడా నాకు వినపడలేదు. ఒక స్నేహితురాలు ఎదురుగా కూర్చుని చెబితే తెలిసింది.

మన తెలుగువాళ్లకు పలకరింపు పెద్ద మర్యాద. ‘బాగున్నారా?’, ‘భోజనాలయ్యాయా?’ అని అడగనిదే రోజు గడవదు. అడిగినవాళ్లకు బదులు చెప్పకపోవడాన్ని మించిన అమర్యాద లేదు. ఎదురింటి పిన్నిగారు వెనక నుంచి పిలుస్తారు, నేను వెళ్లిపోతాను. పెళ్లి భోజనాల దగ్గర పక్కావిడ ఏదో అంటుంది, నేను నవ్వి ఊరుకుంటాను. ఆవిడ చెప్పింది వాళ్ల మరిదిగారి ఆపరేషను గురించని ఆ తరవాత తెలుస్తుంది. చూసేవాళ్లకు నా కాళ్లూ చేతులూ బాగున్నాయి, చదువుంది, ఉద్యోగముంది. ఇక మిగిలిన కారణం పొగరే కదా!

వినికిడి లోపమంటే రేడియో సౌండు తగ్గించినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. నా విషయంలో అలా కాదు. మాటలో అచ్చులు గట్టిగా వినిపిస్తాయి. క, త, ప, స లాంటి హల్లులు మెత్తగా జారిపోతాయి. మీరు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. యంత్రం పెట్టుకుంటే మాటతోపాటు ఫ్యాను, నోట్ల లెక్కింపు మిషను, పక్క కౌంటరు సంభాషణ అన్నీ పెద్దవవుతాయి. అందుకే అరిస్తే లాభం లేదు, మాట ఇంకా చెదిరిపోతుంది. పెదవులు చూసి కొంత పోల్చుకుంటాను. అయితే ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. 2020లో అందరూ మాస్కులు పెట్టుకుని, కౌంటరుకు అడ్డంగా అద్దం వచ్చినప్పుడు ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక పెద్దాయన ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యడానికి వచ్చారు. ఆయన చెప్పింది ఇరవై వేలో, అరవై వేలో నాకు తేలలేదు. డబ్బు విషయం కదా, రెండుసార్లు అడిగాను. వెనక వరుసలో ఉన్న ఒకాయన మాస్కు కిందికి లాగి మరీ, ‘చెవిటివాళ్లను కూర్చోబెడితే ఇంతే’ అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా తెలిసింది. నలుగురైదుగురు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నన్ను ఏమీ అడగలేదు. జేబులోంచి పెన్ను తీసి, చీటీ మీద అంకెల్లో రాసి అద్దానికి ఆనించి చూపించారు. ఆ తరవాత ఎప్పుడు వచ్చినా అలాగే చేసేవారు. నాకు ఎప్పటి నుంచి ఉంది, ఎందుకు వచ్చింది, మందు లేదా అని ఒక్కనాడూ అడగలేదు. అసలైన మర్యాద అదని నా నమ్మకం.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. నా పెళ్లిచూపులప్పుడు మా పెద్దలు యంత్రాలు తీసి లోపల పెట్టమన్నారు. తీసేస్తే వాళ్లడిగేది నాకు వినపడదు, పెట్టుకుంటే అవి వాళ్లకు కనపడతాయి. పెట్టుకునే కూర్చున్నాను. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ తరవాత చూసుకున్నాయన ఇప్పటికీ రోడ్డు మీద నాకు ఎడమవైపునే నడుస్తారు, నాకు ఆ చెవి కాస్త నయం. కానీ అందరి కథా ఇలా తేలదు. మన బ్యాంకులోనే, ఈ హాలులోనే, ‘ఎవరికీ చెప్పకండి మేడమ్’ అని నాతో తమ ఇబ్బంది చెప్పుకున్నవాళ్లున్నారు. పెళ్లి సంబంధాలకో, ప్రమోషనుకో అడ్డం వస్తుందని వాళ్ల భయం. వాళ్లను నేను తప్పుపట్టను. చెప్పాలో వద్దో వాళ్ల ఇష్టం.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. అందులో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నాయి. వీటిలో చాలావాటిని దారిన పోయేవాళ్లు చూసి పోల్చుకోలేరు. హీమోఫీలియా ఉన్న కుర్రాడు బస్సులో దివ్యాంగుల సీటులో కూర్చుంటే, ‘దున్నపోతులా ఉన్నావు, లే’ అంటారు. మోకాలి కీలులో రక్తం చేరి నిలబడలేకపోతున్నాడని మొహం మీద రాసి ఉండదు. అదే చట్టంలోని 92వ సెక్షను ప్రకారం, దివ్యాంగుణ్ణి కించపరచాలని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు.

‘దొంగ సర్టిఫికెట్లతో వచ్చేవాళ్లు లేరా?’ అని మీరు అడగవచ్చు. ఉంటారు. వాళ్లను తేల్చడానికి వైద్యాధికారులున్నారు, ధ్రువపత్రం ఉంది, యు.డి.ఐ.డి. కార్డు ఉంది. ఆ పని బస్సులో నిలబడ్డవాళ్లది కాదు, క్యూలో వెనకున్నవాళ్లది కాదు. ఒక దొంగను పట్టుకోవాలని పదిమంది నిజమైనవాళ్లను నిలదీస్తే, ఆ పదిమందీ రేపటి నుంచి ఇల్లు కదలరు.

2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో ఒక పద్ధతి మొదలైంది. కనిపించని వైకల్యం ఉన్నవాళ్లు కావాలనుకుంటే పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న మెడతాడు వేసుకుంటారు. అది చూసిన సిబ్బంది కాస్త ఎక్కువ సమయం ఇస్తారు. చాలా దేశాల విమానాశ్రయాలకు అది పాకింది. మంచి పద్ధతే. అయితే మెడలో తాడు ఉంటేనే మర్యాద, లేకపోతే లేదు అన్నంత దూరం మనం పోకూడదు.

ఇక మన శాఖల సంగతి. 70 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు, దీర్ఘకాలిక జబ్బుతో కదలలేనివాళ్లకు ఇంటి దగ్గరే కొన్ని సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో ఆదేశించింది. దీర్ఘకాలిక జబ్బుకు వైద్య ధ్రువీకరణ అడగవచ్చు. ‘చూస్తే బాగానే ఉన్నారుగా’ అనే ప్రశ్న మాత్రం ఆ ఆదేశంలో ఎక్కడా లేదు.

పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో చాలామందికి చేతిరాత చిన్నదవుతూ పోతుంది. పదేళ్ల కిందటి నమూనా సంతకంతో ఇవాళ్టిది కలవదు. కౌంటరులో అందరి ముందూ ‘ఈ సంతకం మీదేనా?’ అని గట్టిగా అడిగితే ఆ చెయ్యి ఇంకా వణుకుతుంది. ఆయన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, కొత్త నమూనా సంతకం తీసుకోండి. సంతకం అసలే పెట్టలేని స్థితి వస్తే వేలిముద్ర తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఆయన్ని గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది మనందరికీ తెలిసిన నిబంధనే. అలాగే నడక తూలుతున్న మనిషి తాగి వచ్చాడని గేటు దగ్గరే తేల్చెయ్యవద్దని మన సెక్యూరిటీ గార్డులకు కూడా చెప్పండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నా నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది.

మీ శాఖల్లో రేపటి నుంచే చెయ్యగలిగినవి మూడు చెబుతాను. టోకెన్ నంబరు పిలవడంతోపాటు తెర మీద కనిపించేలా చూడండి. ప్రతి కౌంటరులో ఒక చీటీల పుస్తకం, పెన్ను ఖాతాదారు వైపు పెట్టండి. ఎవరైనా నెమ్మదిగా ఉన్నా, మళ్లీ అడిగినా, పలకకపోయినా, ‘ఏమిటి మీ జబ్బు?’ అని అడగకుండా ‘మీకు ఎలా వీలుగా ఉంటుంది?’ అని అడగండి. మూడింటికీ పైసా ఖర్చు లేదు, పై ఆఫీసు అనుమతి అక్కర్లేదు.

క్యూలో వెనక నుంచి మాట వినిపించినప్పుడు ఆ కౌంటరులో ఉన్నవాళ్లు ఒంటరిగా మిగిలిపోకుండా చూడటం మేనేజర్ల పని. ‘కాస్త ఆగండి, పని జరుగుతోంది’ అని మీరు ఒక్క మాట అంటే చాలు.