వైద్యం ముగిసిన తర్వాత



రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడమనిషి జహీరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి, హైదరాబాద్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోతుంది. ఆపరేషన్, సూదిమందు, కరెంటు పెట్టుడు అన్నీ అయిపోతాయి. ఆమె ఇల్లు చేరుతుంది.

“బాగైంది గదా, ఇంక చేనుకు పా” అంటారు ఇంట్లోవాళ్లు.

రోగం తగ్గినా బలం వెంటనే రాదు. నీరసం నెలల తరబడి ఉండవచ్చు. అది సోమరితనం కాదు.

ఆపరేషన్ చంక వరకు చేస్తే, ఆ పక్క చెయ్యి వాయవచ్చు. అట్లని చెయ్యి కదపకుండా ఉంచొద్దు. గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ పైకెత్తాలె. బిందె, గంప బరువు కొద్దికొద్దిగా పెంచాలె. చెరుకు ఆకు కోసినా, కొడవలి తగిలినా సబ్బుతో కడగాలె. చెయ్యి ఎర్రబడి జ్వరమొస్తే అదే రోజు డాక్టర్‌కు చూపాలె.

కొందరికి గోలీలు 5 ఏళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా రాస్తారు. “ఇప్పుడు బాగానే ఉన్న” అని మధ్యలో మానొద్దు. మొదటి 3 ఏళ్లు, 3 నుంచి 6 నెలలకోసారి పరీక్షకు పోవాలె. చీటీ మీద తారీఖు ఇప్పుడు మీరే చదువుకోగలరు.

ఆ తారీఖు దగ్గరపడితే, రోగం మళ్లీ వస్తుందేమోనని గుండె దడదడలాడుతుంది. ఆ భయం చాలామందికి ఉంటుంది. లోపల దాచుకోవద్దు. సంఘంలో చెప్పుకోవాలె.

ఇది అంటురోగం కాదు. ఒక్క కంచంలో తిన్నా అంటదు. ఆమెను పేరంటానికి పిలవండి. మీ వాడలో అట్లాంటి అక్క ఉంటే, రేపు ఒక బిందె నీళ్లు ఆమె ఇంటికి మోయండి.